కళ్ళాయనకి మూడు

“నాలాంటి బుర్ర నూరేళ్ళకొకటి పుడుతుందిరా బావమరిదీ! ఈ నూరేళ్ళకి ఇదే. మిగతావాళ్ళు ఇంక ఆశ వదులుకోవచ్చు.”

ఇలా అని బావ తన నుదుటిమీద చూపుడువేలితో టకటకా కొట్టుకున్నాడు. శబ్దం మాత్రం బాగానే వచ్చింది.

బావమరిది తల ఎత్తలేదు. మెత్తటి గుడ్డతో ఫ్రేములు తుడిచి గాజు అరలో ఒక్కొక్కటే సర్దుకుంటున్నాడు. ఈ ప్రకటన అతనికి కొత్త కాదు. షాపు తెరిచి తాళంచెవి జేబులో వేసుకోగానే బావ రోజూ చేసే మొదటి పని అదే. రెండో పని, ఆ తాళంచెవి ఏ జేబులో వేశాడో వెతుక్కోవడం.

మూడంతస్తుల ఆ భవనంలో కింది వాటా వీళ్ళ కళ్ళజోళ్ళ షాపుది. షాపు బావది. తెర వెనక చీకటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళచేత గోడమీది అక్షరాలు చదివించి, ఏ కంటికి ఎంత పవరు కావాలో తేల్చే పని బావమరిదిది. అక్క మొగుడు కదా, కొన్నాళ్ళు సాయం చేద్దామని ఆరేళ్ళ కిందట వచ్చాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. బయట ‘కళ్ళజోళ్ళు’ అన్న పెద్ద బోర్డు కింద బావ ఇంకో చిన్న బోర్డు తగిలించాడు: ‘రహస్యాలు కూడా పరిశోధించబడును.’ ఎవరైనా లోపలికొచ్చి, “ఏమండీ, కేసులున్నాయా?” అంటే చాలు, బావ కుర్చీలోంచి ఎగిరి నిలబడతాడు.

“ఎలాంటి కేసు? హత్యా, అపహరణా?”

“నల్లదండీ. జిప్పుది.”

డిటెక్టివ్‌కి డేగ కళ్ళూ వేటకుక్క ముక్కూ ఉండాలని బావ తరచూ చెబుతాడు. బావకి ఆ రెండే లేవు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు ఆనడం మానేశాయి. షాపులో నాలుగొందల ఫ్రేములున్నా ఒక్కటీ పెట్టుకోడు. కళ్ళజోడు పెట్టుకుంటే నేరస్తులకి లోకువైపోతానంటాడు. ఏ కాగితమైనా చెయ్యి బారుగా చాపి చదువుతాడు. చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే తన చూపుకి తిరుగే లేదంటాడు. ఇక ముక్కు సంగతి. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న జలుబు పదకొండేళ్ళుగా వదల్లేదు. మల్లెపూవు పెట్టినా, మురిక్కాలవ దగ్గర నిలబెట్టినా ఒకటే ముఖం. ఆ జలుబు కోసమే కాఫీ, టీ మానేసి రోజంతా వేడినీళ్ళు తాగుతాడు.

ఇంతవరకూ బావ తేల్చిన కేసు ఒక్కటే. పై వాటాలోని టైలరు కత్తెర పోయింది. బావ మూడు రోజులు అందరినీ అనుమానించి, నాలుగో రోజు అలసిపోయి టైలరు గుడ్డల కుప్పమీద కూర్చున్నాడు. కత్తెర దొరికింది. నాలుగు కుట్లు పడ్డాయి, అవి టైలరు వేసినవి కావు.

బావ నుదురు కొట్టుకోవడం ముగించాడో లేదో, గాజు తలుపు తోసుకుని పళ్ళ డాక్టరు వచ్చాడు. రెండో అంతస్తులో ఆయన క్లినిక్కు. భవనం కూడా ఆయనదే. చాటున అందరూ పళ్ళాయన అంటారు, ఎదురుగా మాత్రం డాక్టరుగారు.

“మీతో ఒక రహస్యం మాట్లాడాలి,” అన్నాడు గొంతు తగ్గించి.

బావ గబగబా వెళ్ళి తలుపు గడియ పెట్టాడు, తెర లాగాడు, గోడ గడియారం వెనక కూడా చూసి వచ్చాడు.

“ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ. శవం ఎక్కడుంది?”

“శవం లేదు. కాఫీ ఉంది.”

“కాఫీలో శవమా?”

“వినండి ముందు. మెట్ల కింద కాఫీ అమ్ముతోందే ఆ అమ్మాయి, కాఫీలో ఏదో కలుపుతోంది.”

బావమరిది చేతిలోని ఫ్రేము జారి కిందపడింది. ఆ చప్పుడుకి బావ బల్ల కిందికి దూరి, ఏమీ లేదని రూఢి చేసుకుని పైకి లేచాడు.

“ముప్పై ఏళ్ళుగా నేను చక్కెర ముట్టలేదు,” అన్నాడు డాక్టరు. “పళ్ళవైద్యుణ్ణి, నేనే ముడితే రేపు ఎవరికి చెప్పగలను? అందుకే చక్కెర లేకుండా ఇమ్మన్నాను. ఇచ్చింది. తాగితే తియ్యగా ఉంది!”

“మీరు చూడనప్పుడు వేసిందేమో.”

“ఎదురుగా నిలబడి చూశానయ్యా. చక్కెర డబ్బా మూతైనా తియ్యలేదు. చక్కెర లేదు, తీపి ఉంది. ఇదెక్కడి మాయ? పైగా పదకొండు కొట్టేసరికి నా కాళ్ళు వాటంతటవే మెట్లు దిగేస్తున్నాయి. నిన్న ఒకాయన కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగానే దిగొచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి పాపం ఇంకా తెరిచే ఉన్నాడు.”

“మత్తుమందు!” బావ బల్ల గుద్దాడు. వేడినీళ్ళ గ్లాసు ఒలికింది.

“అదే నా అనుమానం. నా భవనంలో అలాంటివి సాగనివ్వను. మీరు రుజువు చూపించండి, ఆ పూటే కొట్టు ఖాళీ చేయిస్తాను.”

బావమరిది కిందపడ్డ ఫ్రేముని తీసి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. భవనంలో ఆ కాఫీకి అందరికంటే ఎక్కువగా లొంగినవాడు ఎవరంటే, అతనే.

మెట్ల కింద రెండు తలుపులంత చోటు. ఎనిమిది నెలల కిందట ఆమె అక్కడ ఒక పొయ్యి, ఒక పాలగిన్నె, డికాషన్ పాత్ర పెట్టుకుని కొట్టు తెరిచింది. ఇంట్లో ఆమే, ఆమె మేనత్తా. ఇద్దరికీ ఆ కొట్టే ఆధారం. కాఫీ మిగతా చోట్ల దొరికేదానిలాగే నల్లగా, చిక్కగా, నురగతో ఉంటుంది. కాని కప్పు పెదవులదాకా రాకముందే ఒక వాసన వచ్చి పలకరిస్తుంది. అది నాలుకకి తగలదు, ముక్కులోంచి జారి నేరుగా చిన్నప్పటి సెలవుల్లోకి తీసుకుపోతుంది. ఆ వాసన అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరి నోటికీ రాదు. టైలరు ఏదో పూవంటాడు, ఆయన భార్య బిస్కెట్టంటుంది. బావమరిదికి మాత్రం అది ఆమె వాసనేమోనని పిచ్చి అనుమానం.

రోజూ పదకొండింటికి అతను వెళతాడు. ఆమె కప్పు ఇస్తుంది. అతను తాగి, “బాగుందండీ,” అంటాడు. ఆమె, “సంతోషమండీ,” అంటుంది. ఎనిమిది నెలల్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణ ఇంతే. ముప్పై నాలుగేళ్ళవాడు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి టార్చిలైటు వేసి చూడ్డమే వృత్తిగా ఉన్నవాడు, ఆమె కళ్ళలోకి చూడాల్సి వస్తే మాత్రం పాలగిన్నెవైపు చూసేవాడు. ఇంకో మాట ఎప్పుడైనా అనొచ్చులే, కొట్టు ఎక్కడికి పోతుందని ధీమాగా ఉన్నాడు. ఇప్పుడా కొట్టుకే ఎసరొచ్చింది.

“బావా, ఆవిడ అలాంటి మనిషి కాదు,” అన్నాడు డాక్టరు వెళ్ళగానే.

“ఆవిడ గురించి నీకేం తెలుసు?”

బావమరిది ఆలోచించాడు. “సంతోషమండీ అంటుంది.”

“చూశావా! సంతోషమట! మత్తుమందు అమ్మేవాళ్ళ మొదటి లక్షణం అదేరా,” అని బావ కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో తలకిందులుగా రాయడం మొదలుపెట్టాడు.

మర్నాడు గురువారం. గురువారాలు ఆమె కాఫీ గింజలు కొనడానికి బజారుకి పోతుంది, కొట్టులో మేనత్త కూర్చుంటుంది. ముఠాలో పెద్ద తలకాయ లేని సమయం చూసి దెబ్బకొట్టాలని బావ పథకం. అందుకు మారువేషం కావాలి. చీకటి గదిలో అరగంటసేపు ఏదో చేసి బయటికొచ్చాడు. ఉన్న మీసంమీద ఇంకో మీసం అంటించుకున్నాడు. అరలోంచి నల్ల కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. వాటి ధర చీటీ చెవి దగ్గర దారంతో వేలాడుతోంది.

“మారువేషానికైతే కళ్ళజోడు పెట్టుకుంటావన్నమాట,” అన్నాడు బావమరిది.

“ఇవి చూడ్డానికి కావురా, కనబడకుండా ఉండడానికి,” అని బావ తలుపు అనుకుని అద్దంలోకి నడిచి, నుదురు రుద్దుకుంటూ తలుపు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

పావుగంట తరవాత తిరిగొచ్చాడు. చేతిలో తడి సాసరు, ముఖంలో వెయ్యి దీపాల వెలుగు. సాసరు అడుక్కి ఒక కాగితం ముక్క అంటుకుని ఉంది.

“ఎవరూ గుర్తుపట్టలేదు కదా?”

“ఎలా పడతారు? ఆ పెద్దావిడ మాత్రం, ‘ఏం బాబూ, కళ్ళ షాపతను కదూ, మీసం ఊడుతోంది చూసుకో’ అంది. అది వేరే సంగతి. కాఫీ తీసుకుని పూలకుండీలో పోసేశాను. సాసరు తిప్పి చూస్తే ఇదిగో, రహస్య సందేశం!”

కాగితాన్ని ఊడదీసి, చెయ్యి బారుగా చాపి, తల వెనక్కి వంచి, ఒక కన్ను మూసి చదివాడు.

“వెన్నెల. అందరికీ రెండు చుక్కలు. కళ్ళాయనకి మూడు.”

బావ ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

“అర్థమైందా?” అన్నాడు బొంగురుగా. “వెన్నెల రాత్రి ముహూర్తం పెట్టుకున్నారు. ముఠాలో అందరూ ధైర్యానికి రెండేసి చుక్కలు వేసుకుంటారు. ఆ తరవాత... కళ్ళాయనకి మూడుతుంది!”

“మూడు అని కదా ఉంది? మూడుతుంది అని లేదు కదా?”

“కాగితం చాల్లేదురా! ఈ భవనంలో కళ్ళాయన ఎవరు? బోర్డెవరిది? షాపెవరిది? నాకు మూడింది బావమరిదీ! మీ అక్కకి నేనింకా ఫ్రిజ్ బాగుచేయించలేదు!”

“ఏదీ, ఓసారి ఇలా ఇయ్యి బావా. నేను చదువుతాను.”

“సాక్ష్యం చేతులు మారకూడదు.” బావ కాగితాన్ని మడిచి నల్ల జిప్పు కేసులో పెట్టి, కేసుని చొక్కా లోపలి జేబులో పెట్టి, పైన బొత్తాం పెట్టుకున్నాడు. కేసు కేసులో భద్రంగా ఉందని తన చమత్కారానికి తనే నవ్వబోయి, చావు గుర్తొచ్చి ఆగిపోయాడు.

చదివింది బావ కాబట్టి అందులో సగమే నమ్మాలని బావమరిదికి తెలుసు. ఆ సగం ఏదో తెలియకే అతని ప్రాణం విలవిల్లాడింది.

ఆ రోజే అసలు గొడవ మొదలైంది. పదకొండింటికి అందరూ కాఫీ తాగారు. కప్పులో కాఫీ ఉంది, వాసన లేదు. బావమరిది ఒక గుక్క తాగి కప్పులోకి తొంగిచూశాడు. కాఫీ కాఫీలాగే ఉంది, అంతకంటే ఏమీ లేదు. ‘బాగుందండీ’ అనడానికి అక్కడ ఆమె లేదు. ఉన్నా ఆ మాట వచ్చేది కాదు.

“కాగితం ఎక్కడ పడిపోయిందో ఏమో బాబూ,” అంటోంది మేనత్త ఎవరితోనో. “అది లేకపోతే నాకు లెక్క తెలీదు. ఎక్కువ పడితే పాడవుతుందని అసలు వెయ్యలేదు.”

బావమరిది ఆ మాట విన్నాడు. విని ఆలోచించేలోపలే పైనుంచి కేకలు వినిపించాయి. టైలరు ఎవరి చొక్కాకో రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాడు. ఆయన భార్య ఆయనతో మాట్లాడడం మానేసింది. పళ్ళాయన కింది పన్ను పీకబోయి పై పన్ను పట్టుకున్నాడు, అదృష్టం బాగుండి అది గట్టి పన్ను. నాలుగింటికల్లా ఆయన రుసరుసలాడుతూ దిగొచ్చాడు.

“చూశారా? ఒక్కపూట మందు అందకపోతే భవనం భవనమంతా ఎలా అయిపోయిందో! నా చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో! ఇది మత్తు కాకపోతే ఇంకేంటి?”

“మనం వెంటపడ్డామని తెలిసి సరుకు ఆపేశారు,” అన్నాడు బావ. “పైగా నన్ను లేపేయడానికి కుట్ర జరుగుతోంది. రాతపూర్వకమైన సాక్ష్యం నా గుండెలమీద ఉంది.”

“అయితే రేపు పదకొండింటికి వెళదాం. అందరి ఎదురుగా తేల్చేద్దాం. రేపటితో ఆ కొట్టు ఆఖరు.”

ఆ సాయంత్రం బావమరిది బల్ల సొరుగులోంచి ఒక కళ్ళజోడు తీశాడు. బావ అక్షరాలకి ఎంత దూరంగా చెయ్యి చాపుతాడో చూసి, ఆ దూరంతో పవరు అంచనా వేసి, మూడేళ్ళ కిందటే అతను తయారుచేసి ఉంచినది. రేపు ఏమైనా సరే దీన్ని బావ ముక్కుమీద పెట్టి ఆ కాగితం సరిగ్గా చదివించాలి. అంతకుమించి అతనికి ఏ ఉపాయమూ తట్టలేదు. కళ్ళజోడుని జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పదకొండు. పొయ్యిమీద పాలు సన్నగా పొంగుతున్నాయి. ఆమె వరసగా కప్పులు పేర్చుతోంది. మేనత్త స్టూలుమీద కూర్చుని ఉంది. ముందు బావ రెండు మీసాలతో, వెనక డాక్టరు తెల్లకోటుతో, ఆ వెనక బావమరిది. మెట్లమీద టైలరూ భార్యా, క్లినిక్కులోంచి చెంపలు పట్టుకుని దిగొచ్చిన ఇద్దరు ముగ్గురూ.

“ఎవరూ కదలొద్దు!” అన్నాడు బావ. కదిలినవాడు తనొక్కడే. చక్కెర డబ్బా తీశాడు, వాసన చూశాడు, ఏమీ తెలియలేదు. గింజల సంచీ తీశాడు, వాసన చూశాడు, ఏమీ తెలియలేదు. పొయ్యి వెనక నుంచి ఒక గోధుమరంగు సీసా తీసి పైకెత్తాడు. పాత దగ్గుమందు సీసా. మీద చీటీ లేదు. బిరడా ఊడదీసి వాసన చూశాడు, ఏమీ తెలియలేదు.

“వాసనలేని విషం!” అన్నాడు. “అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే.”

“ఏముందమ్మా అందులో?” అన్నాడు డాక్టరు.

“అది నా పనిలో గుట్టు డాక్టరుగారూ,” అంది ఆమె. గొంతు నెమ్మదిగానే ఉంది. “చెబితే అందరూ ఇళ్ళలోనే కలుపుకుంటారు. ఇంక నా కొట్టు దగ్గరికి ఎవరొస్తారు?”

“అయితే ఈ గుట్టు సంగతేంటి?” అని బావ జేబు బొత్తాం విప్పి, కేసు జిప్పు లాగి, కాగితం తీసి చెయ్యి చాపాడు. “వెన్నెల! అందరికీ రెండు...”

ఆ కాగితం చూడగానే ఆమె ముఖం ఎర్రబడింది. “అది నాది. ఇచ్చెయ్యండి అన్నయ్యగారూ,” అంది చెయ్యి చాపి. “మా అత్తయ్యకి రాసింది. అందరి ముందూ చదవకండి.”

“అదుగో, భయపడింది!”

“చెబుతావా, లేదా?” అన్నాడు డాక్టరు.

ఆమె ఒకసారి డాక్టరునీ, ఒకసారి కాగితాన్నీ చూసింది. ఒక్క క్షణం బావమరిదివైపు కూడా చూసింది. అతను ఎప్పటిలా పాలగిన్నెవైపు చూస్తూ ఉండడంతో ఆ సంగతి అతనికి తెలియలేదు.

“చెప్పను. ఖాళీ చెయ్యమంటే చేస్తాను,” అంది. కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

ఆ కప్పుల చప్పుడు బావమరిదికి గుండెలో వినిపించింది. రేపు పదకొండింటికి తను ఎక్కడికి పోవాలి? ఎల్లుండి? ఎనిమిది నెలలు రెండే మాటలతో వెళ్ళదీసిన తన మొద్దుతనంమీద తనకే ఒళ్ళుమండింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

“అందులో ఏముందో నాకు తెలీదు. రోజూ తాగుతున్నాను. అది విషమే అయితే ఈ ఎనిమిది నెలల్లో ఎప్పుడో పోయేవాణ్ణి. కావాలంటే ఇప్పుడు సీసా సీసా తాగి చూపిస్తాను. ఇటియ్యి బావా!”

“ఒరేయ్, వద్దురా! నువ్వు చస్తే మీ అక్క నన్ను బతకనివ్వదు!”

ఇతను లాగాడు, అతను లాగాడు. బిరడా లేని సీసా ఇద్దరి చేతుల్లోంచీ జారి గాల్లో ఒక పల్టీ కొట్టి, తలకిందులుగా సరాసరి పాలగిన్నెలో పడింది. సాక్ష్యం మునిగిపోతోందని బావ గిన్నెమీదికి వంగాడు. అదే క్షణంలో పాలు బుస్సుమని పైకి లేచాయి. తెల్లటి ఆవిరి బావ ముఖాన్ని మొత్తం కప్పేసింది.

తరవాత ఒక తుమ్ము వినిపించింది. పదకొండేళ్ళుగా కూడబెట్టిన తుమ్ము అది. కప్పులు గలగలలాడాయి. పై మీసం ఎగిరిపోయి డాక్టరు కోటుకి అంటుకుంది. బావ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. కళ్ళు పెద్దవి చేశాడు. ముక్కుతో ఒక్క గాలి పీల్చాడు, ఇంకోటి పీల్చాడు.

“ఐస్‌క్రీమ్,” అన్నాడు.

మెట్లమీదివాళ్ళు మెడలు ముందుకు చాచారు.

“ఒరేయ్, ఐస్‌క్రీమ్ వాసనరా! చిన్నప్పుడు మా నాన్న చేతికి ఇచ్చిన పుల్ల ఐస్‌క్రీమ్! తెల్లది!” బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇది వెనిలా!”

మెట్లమీద ఒక్కసారి కలకలం లేచింది. “అవునవును, వెనిలా!” అని టైలరు అరిచాడు. “నాకు నాలుక చివరిదాకా వచ్చిందండీ,” అంది ఆయన భార్య, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి. ఇన్నాళ్ళూ చల్లగా తెలిసిన వాసన వేడిగా ఎదురయ్యేసరికి భవనంలో ఒక్కరూ గుర్తుపట్టలేకపోయారు. ఇప్పుడది గిన్నెలోంచి పొంగి, మెట్లెక్కి, మూడంతస్తులూ నిండిపోయింది.

“అయితే ఆ తీపి?” అన్నాడు డాక్టరు.

“తీపి లేదు డాక్టరుగారూ,” అంది ఆమె. “ఆ వాసన తగిలితే చక్కెర కూడా ఉండే ఉంటుందని నాలుక అనుకుంటుంది. అలవాటుకొద్దీ. ఇదివరకు ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో పనిచేశానండీ. అది మూతపడ్డాక వెనిలా కాయలు తెచ్చి, చీల్చి, రెండు నెలలు చీకట్లో నానబెట్టి నేనే చేసుకుంటున్నాను.” గిన్నెలోకి చూసింది. “ఇప్పుడది మొత్తం ఇందులో పోయింది.”

డాక్టరు ముఖం చిన్నబోయింది. కోటుమీది మీసాన్ని ఊడదీసి ఏం చెయ్యాలో తెలియక బావ చేతిలో పెట్టాడు. “కొట్టు ఎక్కడికీ పోదమ్మా. మళ్ళీ కప్పులు పేర్చుకో. తొందరపడ్డాను,” అన్నాడు.

బావమరిది జేబులోంచి కళ్ళజోడు తీసి బావ ముక్కుమీద పెట్టాడు. ఆనందంలో ఉన్న బావ కాదనలేదు. చేతిలో కాగితం చూశాడు. మొట్టమొదటిసారి మోచెయ్యి వంచి చూశాడు.

“అరె, అక్షరాలు ఇంత పెద్దవా!” అని పైకి చదివాడు. “వెనిలా. అందరికీ రెండు చుక్కలు. కళ్ళాయనకి మూడు.”

ఆమె అటు తిరిగి కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

“ముప్పై ఏళ్ళు చక్కెర మానేసినవాణ్ణి,” అన్నాడు డాక్టరు నిష్ఠూరంగా, “నాకు రెండూ, కళ్ళాయనకి మూడూనా?”

“నాకెందుకమ్మా మూడు?” అన్నాడు బావ అయోమయంగా. “నేను కాఫీయే తాగను కదా?”

“మీ షాపులో కళ్ళు చూసేది ఎవరు బాబూ?” అంది మేనత్త స్టూలుమీద నుంచి.

“మా బావమరిది.”

“మరి?”

“మరి ఏంటి?”

మేనత్త తల పట్టుకుంది. బావ తప్ప అక్కడున్న అందరూ బావమరిదివైపు చూశారు. అతని చెవులు కుంకుమలా ఎర్రబడ్డాయి. ఎనిమిది నెలలుగా తన కప్పులో ఒక చుక్క ఎక్కువ పడుతోంది. లోకానికంతటికీ రెండు పడితే తనకి మూడు పడ్డాయి. గుక్క గుక్కకీ ఆ మాట తాగుతూ కూడా తను తెలుసుకోలేకపోయాడు. సిగ్గేసింది, దానికంటే ఎక్కువగా సంతోషం వేసింది.

“కేసు తేలిపోయింది! తేల్చింది ఈ ముక్కు!” అని బావ అరిచాడు. కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నాడు, కాగితం పట్టుకుని నోటుబుక్కులో రాసుకోవడానికి షాపులోకి పరిగెత్తాడు. అందరూ ఆ గిన్నెలోని వెనిలా పాలు తలా ఒక కప్పు పట్టుకుని, నవ్వుకుంటూ మెట్లెక్కిపోయారు. మేనత్తకి ఉన్నట్టుండి బయట ఏదో పని గుర్తొచ్చింది.

ఆమె వేరే గిన్నెలో కొత్త పాలు కాచి, డికాషన్ కలిపి, ఒక కప్పు అతని ముందు పెట్టింది. “ఇందులో ఏమీ లేదండీ. రెండు నెలలదాకా ఉండదు,” అంది.

అతను తాగాడు. ఈసారి పాలగిన్నెవైపు చూడలేదు.

“చేదుగా ఉందండీ,” అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. “అబ్బ! ఎనిమిది నెలలకి ఇంకో మాట అన్నారు!”

“ఇంకా ఉన్నాయండీ. చాలా ఉన్నాయి. ఈ రెండు నెలలూ రోజుకొకటి...”

అప్పుడే షాపు తలుపు ధడాలున తెరుచుకుంది. బావ గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు లేకుండా, చెయ్యి బారుగా చాపి కాగితాన్ని గాలిలో ఊపుతున్నాడు.

“ఒరేయ్ బావమరిదీ! దొరికింది! చివరి చిక్కు కూడా వీడిపోయింది! ఇది ‘క’ కాదురా, ‘ప’! కళ్ళాయన కాదు, పళ్ళాయన! ఆ మూడు చుక్కలూ డాక్టరుగారివి! వట్టి చేతిరాత పొరపాటు!”

“నా చేతిరాతలో పొరపాటేం లేదండీ,” అంది ఆమె. ఆ మాట బావతో కాదు.